ఎలుక కొట్టిన మోకు

మొన్న మెట్‌పల్లి బస్టాండులో నా పక్కన కూర్చున్న కల్లుగీత కార్మికుడి భుజాన మోకుకు బదులు వచ్చిన కొత్త రకం బెల్టు, మెరిసే కొక్కేలు చూశాక, నా బస్సు వచ్చి వెళ్లిపోయినా లేవలేదు. మీలో గీతవృత్తి ఇళ్లలో కాపురం చేసినవాళ్లకు మోకంటే ఏమిటో నేను చెప్పాలా? చెట్టునూ మనిషినీ కలిపి చుట్టే తాడది. పైకి చేరాక దాని మీద వెనక్కి ఒరిగితేనే రెండు చేతులూ పనికి దొరుకుతాయి.

మా ఆయన మోకును చూసుకున్నంత ముద్దుగా నన్నైనా చూసుకోలేదేమో. వానకు తడిస్తే ఎండలో వేయడు, పొయ్యి దగ్గరికి రానివ్వడు, నీడలోనే ఆరబెట్టి, బెరడుకు ఒరుసుకునే చోట ఆముదం పట్టిస్తాడు. ఆ సేవలో పావు వంతు నాకు చేస్తే బాగుండునని అత్తమ్మ వినకుండా గొణుక్కునేదాన్ని. ఆ ఆముదం వాసనకే ఎలుకలు వస్తాయని మాత్రం ఇద్దరికీ తోచలేదు.

కాపురానికి వచ్చిన రెండో ఏడు, వానాకాలం. పొద్దున్నే ఆయన మోకు భుజాన వేసుకుని గడప దాటాక, వెనక వేలాడే వైపు రెండు పురులు ఎలుక కొరికి ఉండటం నా కంట పడింది. నోటిదాకా వచ్చిన పిలుపును మింగేశాను. చెట్టెక్కబోయే మనిషిని వెనక నుంచి పిలవరాదని అత్తమ్మ మొదటి రోజే గట్టిగా చెప్పింది మరి. చేతిలో చీపురుతో అలాగే నిలబడిపోయాను. ఆయన మలుపు తిరిగాక గాని నాకు బుద్ధి రాలేదు.

బురదలో పడుతూ లేస్తూ తాటివనం చేరేసరికి ఆయన మట్టల దాకా వెళ్లిపోయాడు, ఇక ఒరగడమే మిగిలింది. అదిరిపడేలా అరిస్తే చేయి జారుతుందేమో, అరవకపోతే ఒరుగుతాడు. చెట్టు మొదలు పట్టుకుని, వినపడేంత మాత్రమే గొంతెత్తి, "ఇగో, ఎన్కకు ఒరగకు. మోకు ఎలుక కొట్టింది" అన్నాను. ఆయన చెట్టును కావలించుకుని జానెడు జానెడు దిగాడు. రొమ్మంతా గీరుకుపోయి నెత్తురు. నేల మీద మోకు వంచి చూస్తే మూడో పురి కూడా టప్పున తెగింది.

"గప్పుడే పిలువకపోతివేందే?" అన్నాడు.

"ఎన్కకెళ్లి పిలువద్దన్నది అత్తమ్మ" అన్నాను. కోప్పడతాడనుకుంటే కూలబడి ఏడ్చాడు, నేనూ ఏడ్చాను.

మరునాటి నుంచి పొద్దున్నే మోకు తెచ్చి నా ఒళ్లో వేసేవాడు. నేను పురి పురీ వేళ్లతో తడిమి సరేనంటేనే గడప దాటేవాడు. అత్తమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది. అలా ముప్పై ఏళ్లు గడిచాక ఆయన చెట్టు మీద కాదు, మంచం మీదే, జ్వరంతో పోయాడు. మా ఇంట చెట్టెక్కేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. పొద్దున్నే మోకు తడిమేటప్పటి గుండె దడా నాకిప్పుడు లేదు. ఆ దడ లేని పొద్దు ఇంత వెలితిగా ఉంటుందని అప్పుడు తెలియదు.