సరోజన చిన్నమ్మ వంకర కుండ

మొన్న సాయంత్రం పరకాల దాటాక వాన మొదలైంది. భూపాలపల్లి బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉండటంతో గొర్లు కాసే పెద్దాయన ఒకరు వచ్చి కూర్చున్నాడు. ఒంటి మీద నల్ల గొంగడి, నిండా తడిసి ఉంది. తడి గొంగడి వాసన తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను: వానలో తడిసిన గొర్రె మీ ఒళ్లో కూర్చుని, లేవనని మొండికేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ముందు సీటులోని అమ్మాయి చున్నీతో ముక్కు మూసుకుంది. కండక్టరు వానను కూడా లెక్కచేయకుండా కిటికీ తెరిచాడు. నేను మాత్రం గట్టిగా లోపలికి పీల్చుకున్నాను. పెద్దాయన నా వైపు అనుమానంగా చూసి కొంచెం అవతలికి జరిగాడు. ఆయన తప్పేమీ లేదు. చదువుకున్నట్టు కనిపించే ఆడపిల్ల తన గొంగడిని వాసన చూస్తుంటే ఎవరైనా జరుగుతారు.

అది సరోజన చిన్నమ్మ ఇంటి వాసన. రఘునాథపల్లిలో మా రెండిళ్లకూ గోడ ఒక్కటే. చుట్టరికం ఆ గోడ కలిపిందే తప్ప రక్తం కలిపింది కాదు. ఆమె జాకెట్లు కుట్టేది. చివరి కొన్నేళ్లు మాత్రం ఇంట్లో కూర్చుని టోపీలు చేసింది. పాతకాలపు ఫొటోల్లో తెల్లదొరసానులు పెట్టుకుని కనిపిస్తారే, వెడల్పాటి అంచు, పక్కన ఒక పట్టుగుడ్డ పువ్వు, ఆ టోపీలు. రఘునాథపల్లిలో వాటిని ఎవరు పెట్టుకుంటారని మీరు అడగవచ్చు. ఎవరూ పెట్టుకోరు. కానీ పెళ్లికి ముందు ఫొటోషూట్ అనేది ఒకటి ఈ మధ్య మా వైపు కూడా తప్పనిసరి అయింది. జనగామలో స్టూడియో నడిపే శేఖరన్న అందులో ‘పాతకాలం’ అని ఒక రకం పెట్టాడు. పాత స్కూటరు, పొడుగు గౌను, టోపీ. ఆన్‌లైన్‌లో తెప్పించిన టోపీలు నాలుగు చినుకులకే అప్పడాల్లా మెత్తబడేవి. విసిగిపోయి, ఒకరోజు తన భార్య జాకెట్ల కోసం వచ్చినప్పుడు చిన్నమ్మకు ఫోనులో బొమ్మ చూపించాడు. ఆమె బొమ్మను వేళ్లతో పెద్దది చేసి, చాలాసేపు చూసి, ఒకటే ప్రశ్న వేసిందట: “గిది గొర్రె ఉన్నిదేనా?”

నేను డిగ్రీ ముగించి ఇంట్లో ఖాళీగా కూర్చుని, వచ్చిన వాళ్ల మీదా పోయిన వాళ్ల మీదా జోకులు వేస్తున్న కాలం అది. మా అమ్మ భరించలేక నన్ను గోడ అవతలికి పంపింది. నేను వెళ్లేసరికి చిన్నమ్మ వాకిట్లో ఒక కుండ బోర్లించి ఉంది. దాని మీద ఉడికించిన గొంగడి ముక్క, మెడ చుట్టూ తాడు బిగించి ఉంది. ఆవిరి లేస్తోంది.

“చిన్నమ్మా, ఎవల్ని ఉరి తీసినవ్?” అన్నాను.

“మా మామను,” అంది తలెత్తకుండా. “ఆయన గొంగడే గిది. ఉన్నన్ని రోజులు నన్ను ఒక్కనాడు కప్పుకోనియ్యలే. ఇప్పుడు ఎవలో పెండ్లిపిల్ల నెత్తికెక్కుతున్నడు.” తర్వాత నా నవ్వు ఆగేదాకా ఓపికగా చూసి, “నవ్వుడు అయిందా? ఇగ గా తాడు కొస పట్టు,” అంది.

అంతవరకు నా జోకులకు నాకు తెలిసిన స్పందనలు రెండే: నవ్వడం, తిట్టడం. మూడోది ఉంటుందని ఆరోజే తెలిసింది. ఆమె నన్ను ఎప్పుడూ నోరు మూసుకోమనలేదు. జోకును పూర్తిగా విని, దానికి ఇవ్వాల్సిన మర్యాద ఇచ్చి, వెంటనే చేతిలో ఏదో ఒకటి పెట్టేది. తాడు, కత్తెర, సూది, చింతగింజల గంజి గిన్నె. ఈ గంజి సంగతి చెప్పాలి. గొంగళ్లు నేసేవాళ్లు ఉన్ని దారం గట్టిపడటానికి వాడేది అదే. వేయించి, పొట్టు తీసి, రుబ్బి ఉడికించిన చింతగింజల గంజిని టోపీ లోపలి వైపు పూసి ఎండలో పెడితే తల పట్టే బోలు భాగం కుంగకుండా నిలబడుతుంది. మా వీధి కోళ్లు ఆ టోపీల చుట్టూ తిరిగేవి. వాటిని తోలడం నా మొదటి ఉద్యోగం. డిగ్రీ చేశానని ముందే చెప్పాను.

అయితే ఇది సరదాకి మొదలుపెట్టిన పని కాదు. రెడీమేడ్ జాకెట్లు వచ్చాక చిన్నమ్మకు గిరాకీ తగ్గిపోయింది. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. తమ్ముడు మల్లేశం హైదరాబాదు శివార్లలో బట్టల కంపెనీలో సూపర్‌వైజరు. అక్కకు అక్కడే పని మాట్లాడి పెట్టాడు. దసరా పోయాక వచ్చి తీసుకుపోతానన్నాడు. మంచివాడే. కానీ ఆ కంపెనీలో ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్కే కుడతారు. చిన్నమ్మ వంతుకు చొక్కా ఎడమ చెయ్యి వచ్చింది.

“పొద్దంత ఎడమ చేతులేనటనే,” అంది ఒకసారి, సూదిలో దారం ఎక్కిస్తూ. “కుడి చెయ్యి ఎవలు కుడుతరో కూడ తెల్వదట. మనిషిని నిలవెట్టి కొలిచిన చేతులాయె నాయి. ఆ చొక్కా ఎవడు తొడుక్కుంటడో తెల్వకుంట చస్తనేమో.”

“కుడి చెయ్యి కుట్టేటోడు మంచిగుంటే పెండ్లి చేసుకో చిన్నమ్మా.”

“అయిందా?” అంది. సూది నా చేతికి ఇచ్చింది.

కాబట్టి లెక్క సులువే. శేఖరన్న టోపీలు తీసుకుంటే ఆమె తన వాకిట్లో ఉంటుంది. తీసుకోకపోతే ఎడమ చేతులు.

మొదటి పెద్ద పరీక్ష మహదేవపూర్ దగ్గర గోదావరి ఇసుకలో జరిగింది. పెళ్లికూతురు వాళ్లది మహబూబాబాద్ దగ్గర భూములున్న ఇల్లు. తల్లి కూడా వెంట వచ్చింది, పెళ్లికూతురి కంటే ఎక్కువ తయారై. టోపీ చూసుకోవడానికి శేఖరన్న నన్ను తీసుకెళ్లాడు. చిన్నమ్మ రానంది, తన పనిని ఎదుట నిలబడి చూస్తే చెయ్యి చెడుతుందని ఆమె నమ్మకం. ఉదయం బాగానే మొదలైంది. పువ్వు ఎడమ చెవి మీద ఉంది. కొద్దిసేపటికి నుదుటి మీదికి వచ్చింది. ఇంకాసేపటికి కుడి చెవి దగ్గర కనిపించింది. పెళ్లికూతురు కదలడం లేదు, టోపీయే సొంతంగా తిరుగుతోంది. పెళ్లికొడుకు ప్రేమగా చూడాల్సిన చోట పువ్వు కోసం వెతుక్కుంటున్నాడు. తర్వాత డ్రోను కిందికి దిగింది. ఆ గాలికి టోపీ లేచి, అంచు మీద నిలబడి, బండిచక్రంలా ఇసుకలో దొర్లుకుంటూ వెళ్లి గోదావరిలో పడింది. నేను మోకాలి లోతు నీళ్లలో పరుగెత్తి పట్టుకొచ్చాను. అంతవరకైతే నవ్వుకుని మరిచిపోయేవాళ్లు. కానీ తడిసింది కదా, వాసన వచ్చింది.

“ఏందిది?” అంది పెళ్లికూతురి తల్లి, ముక్కు దగ్గర పెట్టుకుని. “గొంగడా? మా పొల్ల నెత్తిన గొర్లు కాసేటోళ్ల గొంగడి పెట్టిండ్రా?”

శేఖరన్న ఏదో సర్దిచెప్పబోయాడు. ఆమె వినలేదు. మిగిలిన షూటింగు టోపీ లేకుండానే అయింది. తిరిగి బయల్దేరాం. చెల్పూరు కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తుండగా శేఖరన్న, “చిన్నమ్మకు నువ్వే చెప్పు శ్రావణీ. నాతోటి కాదు,” అన్నాడు. చేసిన టోపీలన్నీ ఒక సంచిలో వేసి నా చేతికిచ్చాడు.

చెప్పాను. నాకు చేతనైనట్టే చెప్పాను: పువ్వు ప్రయాణం, డ్రోను, గోదావరి స్నానం. ఆమె అంతా వింది. గొంగడి అన్న మాట దగ్గర ముఖం కాస్త బిగిసింది, అంతే. అడిగింది మాత్రం వేరే: “తిరిగిందా? ఎటు దిక్కు తిరిగింది? ముందట పట్టేసి పక్కలకు ఊగులాడిందా?” అవునన్నాను. ఆమె తడి టోపీని తీసి నా తల మీద పెట్టింది, తిప్పింది, తీసేసింది. తర్వాత రెండు అరచేతులతో నా తలను రెండు పక్కలా, చెవులకు కొంచెం పైన, పట్టుకుంది. గట్టిగా కాదు. అలాగే ఉంది. నాకు ఏదో ఒకటి అనాలనిపించింది, కానీ తల ఒకరి చేతుల్లో ఉన్నప్పుడు నోరు అంత సులువుగా తెరుచుకోదని గమనించాను.

“తల కుండ లెక్క గుండ్రంగ ఉండది,” అంది చివరికి.

“నాది అచ్చం కుండే అంటది మా అమ్మ.”

“ముందటికి ఎనుకకు పొడుగు. పక్కలకు సన్నం. ఇన్నేండ్లు సంక, నడుము కొలిచిన గని నెత్తి ఎన్నడు కొలవలే. కుండ మీద చక్కగ కూసున్నది కదా అనుకున్న.” తన మీద తనకే కోపం వచ్చింది. టోపీలు ఎవరైనా చేసేది కొయ్య తల మీద. మా ఊళ్లో కొయ్య తలలు దొరకవు, కుండలు దొరుకుతాయి. అంతే జరిగింది.

నా తల మీది నుంచి చేతులు తీసింది కానీ దింపలేదు. ఆ ఎడం అలాగే పట్టుకుని వీధిలోకి నడిచింది. “కొలత పోతది, మాట్లాడించకు,” అంది. కనిపించని కుండ మోస్తున్నట్టు ఆమె ముందు, అసలు తల మోస్తూ నేను వెనక. ఎదురుపడిన వాళ్లు నమస్తే పెడితే గడ్డంతో బదులిచ్చింది. అలా కుమ్మరి సాంబయ్య తాత వాకిట్లోకి చేరాం. తాత అప్పుడే కొన్ని పచ్చి కుండలు సలప అనే కొట్టుడు చెక్కతో కొట్టి నీడలో ఆరబెట్టాడు.

“తాతా, ఒక కుండ వంకరగ కావాలె,” అంది చిన్నమ్మ.

“పగిలిందా?”

“లేదు. వంకరగనే చెయ్యాలె. గీ పిల్ల తల లెక్క.”

తాత నన్ను పైనుంచి కిందికి చూశాడు. “పుట్టినకాడికెల్లి కుండ గుండ్రంగ రావాలెనని నడుములు పడగొట్టుకున్న. ఇప్పుడు వచ్చి వంకర చెయ్యమంటవా? నా చేతులు ఒప్పయి.”

“నీ చేతులు వద్దు తియ్యి,” అంది. ఆరుతున్న కుండల్లో ఒకదాని ముందు కూర్చుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఒకసారి నా తల పట్టుకోవడం, ఒకసారి కుండను పట్టి నొక్కడం. మళ్లీ నా తల, మళ్లీ కుండ. నా జుట్టు నిండా మట్టి. తాత కాసేపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు కానీ, పనివాడు కదా, ఉండబట్టలేకపోయాడు.

“కాలినంక కుదించుకపోతది. గంత బిగ్గర ఒత్తకు, జర పెద్దగుండనీ,” అన్నాడు. తర్వాత, “కాలుస్త గని ఆవంల అన్నిటి అడుగున పెడుత. మిగిలిన కుండలు చూస్తే నవ్వుతయి,” అన్నాడు.

కొత్త టోపీ ఆ కుండ మీద తయారైంది. శేఖరన్న ముందు ఒప్పుకోలేదు. నేను అది పెట్టుకుని ఆయన బండి వెనక కూర్చున్నాను. రఘునాథపల్లి నుంచి జనగామ దాకా హైవే మీద లారీల గాలికి చీర కొంగులు, చున్నీలు, ఒకాయన పంచుతున్న ఓటరు చీటీలు లేచిపోయాయి, టోపీ కదలలేదు. ఊరి బయట ఆపిన పోలీసు హెల్మెట్ ఏదని అడగబోయి, నా తల మీది పువ్వును చూసి, చేత్తో పొమ్మన్నాడు. బస్టాండు దగ్గర పిల్లలు వెంటపడ్డారు. స్టూడియో ముందు దిగాక శేఖరన్న అద్దంలో పువ్వు ఎక్కడుందో చూశాడు. ఎడమ చెవి మీదే ఉంది.

ఆ సాయంత్రం చిన్నమ్మ దగ్గరికి వచ్చి, “తీసుకుంట గని చిన్నమ్మా, గొంగడి అని చెప్పొద్దు. ఉన్ని అందాం,” అన్నాడు.

“గొంగడి అనే చెప్పు. ఇష్టమున్నోళ్లు పెట్టుకుంటరు, లేనోళ్లు కాయితం టోపీ పెట్టుకుంటరు,” అంది. గొంతు పెంచలేదు. శేఖరన్న తల గోక్కున్నాడు. చివరికి గొంగడి అనే చెప్పాడు. కొందరు వద్దన్నారు. కొందరు ఆ మాటకే ముచ్చటపడి తీసుకున్నారు. ఆమెకు సరిపడా గిరాకీ వచ్చింది, అంతకంటే ఎక్కువ రాలేదు. ఇందులో విజయగాథ ఏమీ లేదు. దసరా పోయాక మల్లేశం వచ్చి భోజనం చేసి, టోపీలు చూసి, “అయితే రావా అక్కా?” అన్నాడు. “ఎడమ చేతులకు ఇంకెవలినన్న చూడు తమ్మీ,” అంది. అతను ఒక టోపీ పెట్టుకుని సెల్ఫీ దిగి వెళ్లిపోయాడు.

తర్వాత మూడు నాలుగేళ్లు ఆమె తన వాకిట్లోనే ఉంది. పోయేటప్పుడు కూడా పెద్ద మాటలేమీ చెప్పలేదు. పొద్దున గుండెలో మంట అంది, దవాఖానకు వెళ్లే దారిలో పోయింది. ఆరోజు నాకు రెండు మూడు జోకులు తట్టాయి, ఆమె మీదే. ఎవరికీ చెప్పలేదు. విన్నాక చేతికి సూది ఇచ్చే మనిషి లేకపోతే జోకు చెప్పి ఏం చెయ్యాలో నాకు తెలియదు.

ఇప్పుడు భూపాలపల్లిలో నాకొక చిన్న ఉద్యోగం, ఒక అద్దె ఇల్లు ఉన్నాయి. ఆదివారాలు టోపీలు చేస్తాను. ఇంటావిడ మొదట వాసన గురించి గొడవపెట్టింది, తర్వాత తన కూతురికి ఒకటి అడిగింది. కొలత అడిగిన వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి ముందు తల పట్టుకుంటాను. చాలామంది ఏదో ఒకటి మాట్లాడబోయి ఆగిపోతారు. ఆ మౌనం నాకు తెలుసు కాబట్టి తొందరపెట్టను.

పని మాత్రం ఆమె పోయాక నేను తెచ్చుకున్న ఆ వంకర కుండ మీదే. ఎవరి తల ఎంతున్నా నా తలతోనే మొదలుపెట్టి గుడ్డ చుట్టి పెంచుకుంటాను. దానికి రెండు పక్కలా, చెవులకు కొంచెం పైన, ఆమె అరచేతులు నొక్కిన గుంటలు అలాగే కాలి గట్టిపడి ఉన్నాయి. కుండ ఎత్తేటప్పుడు నా చేతులు సరిగ్గా అక్కడికే పోతాయి. ఇందులో భావుకత ఏమీ లేదు. ఇంకెక్కడ పట్టుకున్నా జారుతుంది.