ఊయలమ్మ కదలకుండా నిలబడిన నిమిషం

మా వీధి చివర చిన్నాస్పత్రిలో నర్సును అందరూ ఊయలమ్మ అంటారు. అసలు పేరు రిజిస్టరులో ఉంటుంది. నేను చూడలేదు. చూడలేదంటే, చూడనివ్వలేదు.

ఇరవై ఆరేళ్లుగా పసికందుల్ని భుజాన వేసుకుని ఊపీ ఊపీ, ఆమె ఒంట్లోకే ఊయల దిగిపోయింది. బస్సు కోసం నిలబడినా మెల్లగా ఊగుతుంది. పక్కవాళ్లకు ఆవలింతలు వస్తాయి. ఒకసారి కుళాయి దగ్గర ఆమెతో మాట్లాడుతూనే నాకు కళ్లు మూతలు పడి, బకెట్టు పొంగి వీధిలోకి పారింది. ఊగుతున్నట్టు ఆమెకు మాత్రం తెలియదు. ఎవరైనా అంటే "నేనా?" అని నవ్వేస్తుంది.

మొన్న వానాకాలంలో ఒక మధ్యాహ్నం, మా ఎదురింటి అమ్మాయికి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకుని వెళ్లాను. ఆస్పత్రిలో వేడినీళ్లు లేక కాదు, లోపలేం జరుగుతోందో తెలియక ఇంట్లో కాలు నిలవక.

మోచేతుల దాకా చేతులు కడిగించి గానీ ఊయలమ్మ నన్ను లోపలికి రానివ్వలేదు. కిటికీ అద్దాల మీద వాన జారుతుంటే ఆ నీడలు గోడల మీద పారుతున్నాయి. గది నీళ్ల అడుగున ఉన్నట్టుంది. వెచ్చటి దీపం కింద తొట్టిలో పాప, నా అరచేయంత వీపుతో, ఇంకా పుట్టలేదనుకుని నిద్రపోతోంది.

పిల్లల డాక్టరు మా ఊళ్లో లేడు. మూడు గంటల దూరంలో పెద్దాస్పత్రిలో కూర్చుని, ఊయలమ్మ చేతిలోని ఫోనులోంచి చూస్తాడు.

"రంగు బాగానే ఉంది. మూలుగూ లేదు. కానీ ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నట్టున్నాయమ్మా," అన్నాడాయన. "అలాగైతే ఇక్కడికి పంపించెయ్యాలి."

మూడు గంటల దారి, ఆ వానలో. పంపితే చలి, కుదుపులు. పంపకపోతే, నిజంగానే ఊపిరి చాలకపోతే? మూలన నిలబడ్డ పాప అమ్మమ్మ సంచీలో గుడ్డలు సర్దడం మొదలుపెట్టింది.

"నాకలా అనిపించడం లేదు సార్," అంది ఊయలమ్మ.

"మీకు అనిపిస్తే చాలదమ్మా, నాకు కనిపించాలి. ఇంకా దగ్గరగా పెట్టండి."

పెట్టింది. నా చూపు ఆమె మడమల మీద పడింది. ఎడమది లేస్తోంది, అది దిగితే కుడిది లేస్తోంది. మంచం మీంచి బాలింత కూడా అదే చూస్తోంది.

"ఊయలమ్మా, నువ్వు ఊగుతున్నావు," అంది నీరసంగా.

"నేనా? రాయిలా నిలబడితేనూ."

"రాయివేలే, పడవలో వేసిన రాయివి," అన్నాను. "డాక్టరు బాబూ, కాస్త ఆగు. ఊగుతున్నది ఫోను."

"మీరెవరు?"

"ఎదురింటావిడని."

"అక్కడ స్టాండు లేదా?"

"ఉంది సార్. పైనుంచే చూపిస్తుంది, డొక్కలు కనబడేలా పక్కకు వంగదు." ఊయలమ్మ తన మడమల వైపు చూసుకుంది. తన ఊపు వల్లే పాప రోడ్డెక్కబోయిందని అప్పుడు తెలిసొచ్చింది. "నువ్వు పట్టుకో వదినా."

"నా వేలు తగిలితే ఫోనులోంచి డాక్టరే మాయమైపోతాడు."

అమ్మమ్మ చేతులు చూశాం. వణుకుతున్నాయి.

"అయితే నన్ను పట్టుకో," అంది ఊయలమ్మ నాతో.

వెనకనుంచి ఆమె నడుము రెండు చేతులా బిగించి పట్టుకున్నాను. ఒక నిమిషం. నా నోరు కూడా మూసుకున్నాను. పైకి కదలడం లేదు గానీ, లోపల ఊయల ఆగలేదు. ఏ నీళ్ల మీదో పడవను పట్టి ఆపినట్టు నా అరచేతులకు తగులుతూనే ఉంది. ఇరవై ఆరేళ్లుగా ఆమె ఊపిన పిల్లలంతా లోపల నిద్రపోతున్నారనిపించింది. వాళ్లలో ఆ మంచం మీది బాలింత కూడా ఒకతె.

"ఊపిరి నిమిషానికి యాభై ఎనిమిది," అన్నాడు డాక్టరు. "డొక్కలు లాగడం లేదు. పంపక్కర్లేదమ్మా. తల్లి గుండెల మీద వెచ్చగా పడుకోబెట్టండి. గంటకోసారి చూపించండి."

అమ్మమ్మ సర్దిన గుడ్డలన్నీ సంచీలోంచి మళ్లీ బయటికి తీసింది.

ప్రతి గంటకూ "వదినా" అని పిలిచేది, నేను వెళ్లి నడుము పట్టుకునేదాన్ని. నాలుగోసారికి వాన వెలిసింది. తల్లీ పాపా ఒకే ఊపిరి మీద ఉన్నట్టున్నారు.

"యాభై," అన్నాడు డాక్టరు. "ఇక భయం లేదు."

"వదిలెయ్ వదినా," అంది ఊయలమ్మ.

వదిలాను. మడమలు లేచాయి. ఫోను ఇంకా ఆమె చేతిలోనే ఉంది. అందులో డాక్టరు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తున్నాడు. కాసేపటికి ఆయన రెప్పలు బరువెక్కాయి.

"ఫోను పెట్టేయండమ్మా," అన్నాడు ఆవలిస్తూ. "నేనింకా నలుగురు పిల్లల్ని చూడాలి."