గంజి పోయిన పేగు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంటివాళ్లను రచ్చకు పిలిచి మరీ ఓడాను. ఎలాగో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. నా పరువు ఎలాగూ ఆ రోజే కారిపోయింది.

అప్పుడు నేను కోరుట్లలో జువాలజీ చెప్పే కొత్త లెక్చరర్‌ని. సైన్స్ ప్రదర్శన మా సిరిసిల్లలోనే. అక్కడ ముప్పై ఏళ్లు సాంచాలనే మరమగ్గాల మీద బట్ట నేసిన మా బాపు, బిడ్డ స్టేజీ ఎక్కుతోందని షెడ్డంతా చాటి, ఇస్త్రీ చొక్కాతో ముందు వరుసలో కూర్చున్నాడు. ఆయన తలెత్తుకునేలా చేయాలి, నా పంతమంతా అదే.

పేగు గోడకు నమూనాగా బాపు నేసిన, ఇంకా ఉతకని కోరా గుడ్డే తీసుకున్నాను. ఇంట్లో గిన్నె మూతికి బిగించి ఎర్రనీళ్లు పోస్తే చుక్క దిగలేదు. ప్రదర్శనకు ముందురోజు దానిమీద సాంచా నూనె మరక కనబడింది. పెద్దవాళ్లొస్తారాయె! వేడినీళ్లలో నానబెట్టి, సబ్బుతో బాది, మల్లెపువ్వులా చేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"పేగులోని సూక్ష్మజీవులు మనం తిన్న పీచును పులియబెట్టి పేగు గోడ కణాలకు మేత తయారుచేస్తాయి. ఆ బలంతో కణాలు సందు లేకుండా పట్టుకుని ఉంటాయి, హాని చేసేవేవీ రక్తంలోకి దిగవు" అని ఉపన్యసించి, గుడ్డ రెండు కొసలూ ముఖ్య అతిథి రెండు చేతులకూ ఇచ్చాను. కింద గిన్నె పెట్టమని ఆయనన్నారు. నేను వింటేనా!

"చుక్క దిగదు సార్" అని ఎర్రనీళ్ల చెంబు వంచాను.

ఆయన తెల్ల ప్యాంటు ఎర్రబడింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ముందు వరుసలోంచి బాపు లేచాడు. "గంజి తీసినవా బిడ్డా?"

"మరక పోవాలని ఉతికిన బాపు."

"పోగులను పట్టి ఉంచేది గంజి. మురికని కడిగితే మంచిది గూడ కొట్టుకపాయె. నీ పేగుల పురుగులు గూడ గంతేనా?"

అవసరం లేకపోయినా మింగే యాంటీబయాటిక్‌ల గురించి నేను నాలుగు పేజీలు రాసుకొచ్చింది సరిగ్గా అదే. హాలంతా చప్పట్లు, తడి ప్యాంటుతో ముఖ్య అతిథి కూడా. తర్వాతి ప్రశ్నలన్నీ బాపునే అడిగారు. సిగ్గు ఎక్కడికి పోయిందో, గర్వంతో అందరికంటే గట్టిగా నేనే చప్పట్లు కొట్టాను.

మర్నాడు బాపు షెడ్డులో చెప్పాడట: "నా బిడ్డ మస్తు జెప్పింది. కొంచెం మిగిలితే నేను జెప్పిన."

అందుకే ఇదే నా ప్రమాణం: బాపుకు చూపించనిదే గుడ్డ ఉతకను, పాఠం చెప్పను. తెల్ల ప్యాంటు వేసుకున్నవారిని స్టేజీ దరిదాపులకు రానివ్వను.