“పట్టు” అనకుండ గుండు విసురుడు

యాభై దాటినంక ఆటల్ల దిగిన మనిషిని నేను. ఆటంటే అష్టాచెమ్మ కాదు, పోటీల గుండు విసురుడు.

మొజంజాహీ మార్కెట్ కాడ మాది పండ్ల బండి. మా ఆయన పోయినంక నేనే నడుపుతున్న. ఎండకాలం తర్బూజల ట్రాలీ వస్తే, పైకెక్కి కాయలు కిందికి విసురుత. కింద మా మరిది అందుకుంటడు. విసిరేటప్పుడు “పట్టు” అని కేకెయ్యాలె. కేకెయ్యకపోతే కాయన్న పగుల్తది, మరిదన్న పగుల్తడు.

ఒకనాడు పండ్లకొచ్చిన డ్రిల్లు టీచరమ్మ అట్లనే నిలబడి చూసింది. నాంపల్లి దిక్కు బడిల చెప్తదంట. పెద్దోళ్లకు షాట్‌పుట్ పోటీలున్నయి, వస్తవా అని అడిగింది. అదేంది అన్న నేను. ఇనుప గుండు అన్నది. దాన్ని విసిరితే ఏం జేస్తరని అడిగిన. ఎంత దూరం పడ్డదో కొల్చి నీ పేరు మైకుల చదువుతరు అన్నది. గామాటకే ఒప్పుకున్న. రేషన్ షాపుల గూడ మా ఆయన పేరు పిలిస్తేనే నేను లేస్తుంటి. నా పేరు మైకుల ఎన్నడు ఇనలే.

మా ఆడిబిడ్డ మాతోనే ఉంటది. ఇంటికొచ్చి ఆమెకు చెప్పిన, గుండుకు ఒప్పుకున్న అని. చాయ్ గిలాస చేతిలనే ఆగింది. కండ్లల్ల నీళ్లు పెట్టుకొని, “వదినె, మా అన్న పోయి ఇన్నేండ్లాయె. ఇప్పుడు నీ జుట్టు ఎవలడిగిన్రు?” అన్నది. తిరుపతి గుండు కాదే, ఇనుప గుండు అని చెప్తే ఏడుపాపి కోపానికొచ్చింది. దానికన్న ఏడుపే నయముండె. మొగుడు లేని ఆడిది ప్యాంటేసుకొని నలుగుర్ల ఎగురుడేంది అన్నది. చీర మీదనే ఎగురుత అన్న. అబిడ్స్‌కు పోయి బూట్లు మాత్రం కొనుక్కొచ్చిన.

టీచరమ్మ బడి మైదానంల నేర్పింది. గుండును మెడకు ఆనిచ్చి ఒక్క చేత్తోని నెట్టాలంట, గీసిన గుండ్రం దాటొద్దంట. నాకేమో నడుముకాన్నుంచి రెండు చేతులతోని ఊపే అలవాటు. మొదటినాడు గుండు నా ఎనకకే పోయింది. టీచరమ్మ మంచిగ ఉరుకుతది, గందుకే బతికింది.

పోటీనాడు నా ఈడోళ్లు ఇంక కొందరుండె, అందరు చిన్నప్పటిసంది ఆడుతున్నోళ్లే. మూడుసార్లు విసరనిస్తరు. మూడూ తప్పు పోతే లెక్కల ఉండం, మైకుల పేరు రాదు. ఇంటి పరువు కావలికి మా ఆడిబిడ్డ గూడ వచ్చి మెట్ల మీద కూసున్నది.

మొదటిసారి అలవాటుల రెండు చేతులతోని ఊపిన. ఎర్రజెండా లేపిన్రు. రెండోసారి మెడకు ఆనిచ్చి మంచిగనే నెట్టిన. గని చెయ్యి విడిచేటప్పుడు నోరు ఆగలే. “పట్టు” అని మార్కెట్ల అరిచినట్టే అరిచిన. అవతల టేపు పట్టుకున్న సారు, పాపం, టేపు పారేసి నిజంగనే రెండు చేతులు చాపిండు. వచ్చేది ఇనుమని అంతల యాదికొచ్చి పక్కకు దుంకి పడ్డడు. ఏమన్న అయిందేమో అని నేను గుండ్రం దాటి ఆయన దిక్కు ఉరికిన. దాటినందుకు మళ్ల ఎర్రజెండా.

ఆఖరుసారి టీచరమ్మ, నోరు తెరవకు పెద్దమ్మ అని దండం పెట్టింది. కొంగు నోట్ల కుక్కుకొని, పండ్లు కరిచిపట్టి నెట్టిన. గుండు పడ్డది. నేను కదలలే. టేపు సారు శాన దూరంల నిలబడి తెల్లజెండా లేపిండు.

అందరికన్న ఎనక నేనే. ఐనా లెక్కల ఉన్న గద, ఆఖరుకు నా పేరు గూడ చదివిన్రు. చదివినాయన సగం తప్పు చదివిండు. అట్ల కాదని చెప్దామంటే కొంగు ఇంక నోట్లనే ఉండె. అది తీసేలోపల్నే మా ఆడిబిడ్డ మెట్లు దిగి మైకు కాడికి పోయింది. “మా వదినె పేరు గట్ల కాదు, సక్కగ చదువు” అన్నది. ఆయన మళ్ల చదివిండు. ఈసారి ఏం తప్పు లేదు.

ఆమె ఆడనే నడుం మీద చేతులు పెట్టుకొని, “ఇంక జర గట్టిగ” అన్నది.