మనిషి ఆనుకునే చోట

“ఈ రైలింగ్ విరిగితే పాప నేరుగా కింద సిమెంటు మీద పడుతుంది,” అంది ఆమె.

భర్త ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. “మొన్ననే కదా వేశారు. పాప పుట్టినప్పటి నుంచి నీకు ఫ్యాన్ తిరిగినా భయమే.”

బాల్కనీలో నేల, గోడ, రైలింగ్ అన్నీ ఒకే చెక్కతో చేయించాడు కింది వాటాలో ఉండే ఓనరు. రంగు వెయ్యకుండానే కాఫీ గింజలా ముదురుగా ఉండే చెక్క. ఆవిరిలో కాల్చిందట, వానకి ఉబ్బదట, పురుగు పట్టదట. ఆమె కెమిస్ట్రీ చదివింది. అంత వేడికి చెక్కలో నీటిని పట్టి ఉంచే భాగం నశించిపోతుందని తెలుసు. దాంతోపాటు బలమూ పోతుందా అన్నదే తేలడం లేదు. పైగా స్క్రూ దిగిన ప్రతి చోటా వెంట్రుకంత పగులు కనిపిస్తోంది. పాపేమో ఆ రైలింగే పట్టుకుని నిలబడడం నేర్చుకుంటోంది.

ఓనరుని అడిగితే, “చదువుకున్నవాళ్లకి అద్దెకివ్వడం నాదే తప్పు,” అన్నాడు.

ఇక మిగిలింది పెదనాన్న. ఊరి చివర షెడ్డులో ఆ చెక్కని కాల్చేది ఆయనే. కానీ నానమ్మ పోయిన రోజున, ఆవిడని ముందే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లాల్సిందని ఆయనా, ఆమె నాన్నా శవం పక్కనే అరుచుకున్నారు. ఆ తర్వాత రెండిళ్ల మధ్యా మాటల్లేవు.

“వెళ్లి ఆయన నోట్లో పడతావా?” అని భర్త అంటున్నా వినకుండా పాపని చంకనేసుకుని బయల్దేరింది.

షెడ్డు నిండా లారీ అంత ఇనప పెట్టె. పలకకీ పలకకీ మధ్య సన్నటి పుల్లలు పెట్టి పేర్చడం, తలుపు బిగించి ఆవిరి పంపుతూ కాల్చడం పెదనాన్న పని. మీసాలు రాకముందు చేరినవాడు. ఇప్పుడా మీసాలు నెరిశాయి. ఒంటి నిండా మాడిన చక్కెర వాసన. వెనకాల పనివాళ్లంతా ఆయన్ని ‘కసురు’ అంటారు. పెట్టె చల్లారకముందే తలుపు తీయబోయిన ఒకణ్ణి పలకతో వీపు మీద బాదాడు, వేడి చెక్కకి గాలి తగిలితే భగ్గుమంటుందని. వాడు ఇప్పటికీ తిడుతూ ఉంటాడు, తిట్టడానికి బతికే ఉన్నాడు కాబట్టి. ఇంట్లో పెద్దమ్మ ఆయనతో మాట్లాడడం ఎప్పుడో మానేసింది. చెప్పాల్సింది కుక్కతో చెబుతుంది, ఆయన వింటాడు.

“మీ నాన్న పంపాడా?” అన్నాడు, ఆమె నోరు విప్పకముందే.

“నాన్నకి తెలియదు పెదనాన్నా.”

“మరెందుకొచ్చావు? పసిపిల్లని ఈ దుమ్ములోకి తెచ్చావు, బుద్ధుందా?”

ఆమెకీ ఒళ్లు మండింది. “మీ చెక్క పగులుతోంది. ఆ మాట చెప్పడానికే వచ్చాను.”

“నా చెక్క పగలదు.”

“మా రైలింగ్‌లో పగిలింది.”

ఆయన చేతిలో పని ఆగింది. “రైలింగా? దాన్ని రైలింగ్‌కెవడు వెయ్యమన్నాడే?”

చేతులైనా కడుక్కోకుండా ఆమె వెంట వచ్చాడు. ఇంట్లో అల్లుడు “రండి” అనేలోపు పక్కకి నెట్టి బాల్కనీలోకి వెళ్లాడు. కింద ఎవరూ లేరని చూశాడు. ఒక చేత్తో తలుపు చట్రం పట్టుకుని రైలింగ్‌ని ఒక్క తన్ను తన్నాడు.

అది బిస్కట్‌లా పుటుక్కున విరిగింది. ముక్కలు కింద సిమెంటు మీద పడ్డాయి. ఆ చప్పుడుకి ఆమె పాపని ఎంత గట్టిగా అదుముకుందో, పాప ఏడుపు లంకించుకుంది.

ఓనరు రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. “ఎవడివయ్యా నువ్వు? ఇది నీ బాబు సొమ్మా?”

“నేలకీ గోడకీ అని కొన్నావుగా?”

“మిగిలితే వేశాను. చూడ్డానికి ఒకేలా ఉంటుందని.”

“మిగిలితే పొయ్యిలో పెట్టుకో. ఇది కుళ్లదు, నిజమే. బరువు మాత్రం ఓర్వదు. మనిషి ఆనుకునే చోట వద్దని నీ మొహం మీదే చెప్పాను.”

“పోలీసులకి చెబుతాను.”

“చెప్పు. ఆ ముక్కలు కూడా పట్టుకెళ్లి చూపించు.”

ఓనరు పాప వంక ఒకసారి, కిందికి ఒకసారి చూశాడు. ఇనప రైలింగ్ పెట్టిస్తానని గొణిగి దిగిపోయాడు.

భర్త తలుపు దగ్గరే కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. పెదనాన్న కూర్చోలేదు. ఆమె ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“నాకేం చెప్పక్కర్లేదు. మీ నాన్న దగ్గర నా ఊసెత్తకు.” మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. “భయపడ్డావు, సరే. భయపడి ఊరందరినీ అడిగావు. ఒక్కసారైనా చెయ్యి వేసి ఊపావా?”

ఆమె పాపని ఇంకో చంకకి మార్చుకుంది.

“పిల్ల ఏది పట్టుకున్నా, దానికంటే ముందు నువ్వు పట్టుకో. కాళ్లు నేలకి తన్నిపెట్టి గట్టిగా ఊపు. ఎవడేమనుకుంటే నీకేం? విరిగేదుంటే నీ చేతిలోనే విరగనీ.”

ఇప్పుడు బ్యాంకు మెట్ల దగ్గరైనా, చుట్టాల మేడ మీదైనా ఆమె పాపని దించేముందు రెండు చేతులా రైలింగ్ పట్టుకుని ఊపుతుంది. జనం వింతగా చూస్తారు. భర్త నాలుగడుగులు దూరం జరిగి, ఆవిడెవరో తనకి తెలియనట్టు నిలబడతాడు. ఆమె ఇంకోసారి ఊపి, అప్పుడు పాపని దించుతుంది.