నలభై ఒకటో దూలం

దూలాలు విరగ్గొట్టడమే ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా పరిశోధనశాలలో మూరెడేసి కాంక్రీటు దూలాల్ని మరమీద ఎక్కిస్తాడు, ఎక్కడ విరుగుతుందో ముందే సుద్దతో గీత పెడతాడు, విరిగాక కొలతలు రాసిస్తాడు. అందుకే అందరికీ సుద్దబాబాయ్.

ఆ కొలతలు పట్టుకుని మూడు దేశాల శాస్త్రవేత్తలు కంప్యూటర్ ప్రోగ్రాం రాశారు. ఏ దూలం ఎక్కడ విరుగుతుందో ఇక అదే చెప్పేస్తుందట. ఇవాళ సదస్సులో తెరమీద చూపించారు. సరిచూడటానికి తీసుకున్న నలభై దూలాలూ బాబాయ్ కొలతలతో అచ్చుగుద్దినట్టు సరిపోయాయి.

"ఇక దేన్నీ విరగ్గొట్టి చూడక్కర్లేదు," అంది పైదేశం నుంచి వచ్చిన పెద్దావిడ. హాలంతా చప్పట్లు. బాబాయ్ కూడా కొట్టాడు. ఆ చేతులు తనవి కానట్టే ఉన్నాయి.

నిజానికి దూలాలు నలభై ఒకటి. ఆఖరిది ప్రోగ్రాం చెప్పినచోట కాక, బెత్తెడు పక్కన, సరిగ్గా సుద్దగీత మీద విరిగింది. "పరీక్షలో ఏదో తేడా జరిగుంటుంది, లెక్కలోంచి తీసేద్దాం బాబాయ్," అన్నాడు అప్పట్లో పరిశోధనశాల ఇంజనీరు. బాబాయ్ మూడుసార్లు సరిచూశాడు, తేడా ఏమీ లేదు. ఇవాళ చెబుదామని నోటిదాకా వచ్చింది. ఎవడడిగాడు గనక!

ఇంటికి రాగానే భార్య అడిగింది, "ఏమన్నారండీ?"

"అన్నీ సరిపోయాయట."

"మరింకేం! ఇన్నేళ్ల కష్టం ఊరికే పోలేదు."

"ఊఁ," అన్నాడు. గాలికి తలుపు కొట్టుకుంటోంది. అంచున సుద్దగీత ఇంకా చెరగని ఆ ఆఖరి దూలం ముక్కని, రోజూలాగే, కాలితో తలుపుకి అడ్డంగా జరిపాడు.