కుర్చీ చేతులు ఊపదు

తడిసిన ఊలు ఎండకు వేడెక్కేటప్పుడు ఒక వాసన వస్తుంది. గొర్రెల మంద పక్క నుంచి నడిచి వెళ్లినట్టు ఉంటుంది, దానికి కొంచెం సబ్బు కలిసినట్టు. మంచి వాసన అని చెప్పను, మంచిది కాదు కాబట్టి. చలికాలం మొదలైన ఒక పొద్దున, ప్రతి ఏడూ, నేను ట్రంకు పెట్టెలోంచి ఉల్లిపొర రంగు ఊలును తీసి గోరువెచ్చని నీళ్లలో ముంచుతాను. పిండను. తువ్వాలులో పెట్టి ఒత్తి, మా డాబా మీద తీగకు వేలాడదీస్తాను. కింద మాదన్నపేట మార్కెట్టులో టమాటాల వాళ్లు గొంతు చించుకుంటూ ఉంటారు. పైన నేను ఒక స్టూలు వేసుకుని ఆ వాసన వచ్చేదాకా కూర్చుంటాను. అది రాగానే రూతక్క గుర్తొస్తుంది. ఇవాళ కూడా వచ్చింది. అందుకే కాగితం తెచ్చుకున్నాను. నలభై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్చుకున్న చేయి, మెల్లగా రాస్తుంది. నేర్పింది ఆమే.

మీలో ఎవరూ ఆమెను చూడలేదు. చూసినా గుర్తుపెట్టుకునే మనిషి కాదు. సన్నగా, పొట్టిగా, మెడలో చిన్న శిలువ, ముక్కు మీద దారంతో కట్టిన కళ్లద్దాలు. భర్త రైల్వే వర్క్‌షాపులో పనిచేసి పోయాడు. పిల్లలు లేరు. మా వాకిలికి ఎదురు వాకిలి, మధ్యలో ముప్ఫై అడుగుల ఉమ్మడి గచ్చు, గచ్చు నడుమ నల్లా. ఆమె చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో స్వెట్టర్లు అల్లడం నేర్చుకుంది. దాని మీదే బతికింది. నేను ఒక సర్కారు ఆఫీసులో ఊడ్చి, తుడిచి, నీళ్లు పట్టే పనిలో ఉండేదాన్ని. అంతకుముందు ఇదే మార్కెట్టులో మా అమ్మ పక్కన కూర్చుని ఆకుకూరలు అమ్మాను. నా భర్త చనిపోయాక సాయంత్రాలు ఏం చేయాలో తెలియక ఒక రోజు రూతక్క గడప మీద కూర్చున్నాను. మా పరిచయం అట్లా మొదలైంది, ఒక తప్పుతో.

అప్పట్లో ఊలు ఎక్కువగా ఉండలుగా వచ్చేది కాదు. చార్మినార్ దగ్గర కొట్టులో కొంటే పెద్ద వలయంలా చుట్టి, నాలుగు చోట్ల చిన్న దారపు ముక్కలతో కట్టి, మెలిపెట్టి ఇచ్చేవారు. దాన్ని లచ్చ అనేవాళ్లం. ఆ లచ్చను ఉండగా చుట్టుకుంటే గాని అల్లడానికి రాదు. ఆ రోజు ఆమె కొత్త లచ్చను నా ఒళ్లో పెట్టి, "జెర పట్టుకో బాలమణీ, నీళ్లు దాగొస్త" అని లోపలికి వెళ్లింది. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. పక్కన కత్తెర కనిపించింది. లచ్చకున్న నాలుగు కట్లూ తెంపి పక్కన పెట్టాను. కొత్తిమీర కట్టయినా, పాలకూర కట్టయినా, ముందు దారం తెంపి విదిలించడం నా చేతికి చిన్నప్పటి నుంచి అలవాటు. తెంపాను, విదిలించాను కూడా. రూతక్క వచ్చేసరికి నా ఒళ్లో పిచ్చుక గూడు ఉంది.

తిడుతుందని కాచుకున్నాను. ఆమె కళ్లద్దాలు సర్దుకుని చూసింది. "ఏందిది? కూరాకు అనుకున్నవా?" అంది. తర్వాత నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. నవ్వు అయిపోయాక నా చేతిలోంచి కత్తెర తీసి అల్మారా పైన, నాకు అందనంత ఎత్తులో పెట్టింది. "కట్లు ఆఖరుకు తెంపాలె. లచ్చ రెండు చేతుల మీదికి ఎక్కి, సాపుగ కూసున్నంక. గప్పటిదాంక గవే దాన్ని కాపాడ్తయ్." ఆ పిచ్చుక గూడు విప్పడానికి మాకు ఏడు సాయంత్రాలు పట్టింది. లాగకూడదని అప్పుడే తెలిసింది. లాగితే చిక్కు ముడవుతుంది. ముద్దను అరచేతుల్లో పెట్టి వదులు చేయాలి, పిట్టకు ఊపిరి ఆడనిచ్చినట్టు. కొస దొరికాక, ఎక్కడ అడ్డం వస్తే అక్కడ సందు చేసి దాటించాలి. మూడో రోజు నాకు విసుగొచ్చి, "ఒక్క చోట కోసి ముడేస్తే అయిపోతది గద అక్కా" అన్నాను. "కోస్తే అయిపోతది. ముడి మాత్రం మిగుల్తది. స్వెట్టర్ల ఏడనో ఒకకాడ వీపుకు కుచ్చుకుంట ఉంటది" అంది. ఆమె కత్తెర ముట్టలేదు. ఏడో రోజు ఆఖరు కొస బయటికి వచ్చినప్పుడు ఇద్దరం ఏదో పెళ్లి చేసినట్టు చాయ్ తాగాం.

తర్వాత పదకొండేళ్లు నా పని పట్టుకోవడం. స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ ముందుకు చాపితే, ఆమె లచ్చను నా మణికట్ల మీద వేసి కాస్త బిగుతుగా పరిచేది. కట్లు తెంపేది. కొస తీసుకుని ఎదురుగా కూర్చుని చుట్టేది. చూసేవాళ్లకు నేను కదలని గుంజలా కనిపిస్తాను. కాదు. దారం కుడి వైపు నుంచి పోయేటప్పుడు కుడి చేయి వంచాలి, ఎడమ నుంచి పోయేటప్పుడు ఎడమ చేయి వంచాలి. ఆమె చుట్టే వేగానికి నా చేతులు అటూ ఇటూ ఊగాలి. ఇవ్వాల్సిన క్షణంలో ఇవ్వాలి. ఒకసారి నేను చుడతానని పట్టుబట్టాను. నున్నగా, గట్టిగా చుట్టి గర్వంగా చూపించాను. ఆమె దాన్ని నేల మీద వేసి చప్పుడు విన్నది. "ఇది ఊలా, క్రికెట్ బాలా?" అంది. బిగించి చుడితే ఊలు సాగిపోతుందట, అలా సాగినదాన్ని అల్లితే మొదటి ఉతుకుకే స్వెట్టరు కుంచించుకుపోతుందట. తన మూడు వేళ్లు లోపల పెట్టి, వాటి మీదుగా చుట్టి, వేళ్లు లాగేసి చూపించింది. ఉండలో వేళ్లంత వదులు మిగిలింది. నాకు ఎప్పుడూ రాలేదు. నా చేతికి బిగించడమే వచ్చు, నా నోటికి కూడా.

అక్షరాలు ఆ స్టూలు మీదే వచ్చాయి. ఆమె ప్రతి స్వెట్టరుకూ ఒక కొలతల చీటీ రాసి క్యాలెండరు మేకుకు గుచ్చేది. మేకు సరిగ్గా నా ఎదుట ఉండేది. "నీ చేతులు కట్టేసే ఉన్నయ్, యాడికి పోతవ్? నోరు ఖాళీనే గద, సదువు" అనేది. నేను లేవలేను, లేస్తే లచ్చ చిక్కుపడుతుంది. అట్లా పట్టుబడ్డ దొంగలా చదివాను. మొదట చదివిన మాట 'చేయి'. తర్వాత 'పొడవు'. 'ఛాతీ' దగ్గర నెల రోజులు ఆగిపోయాను. "పొట్టల ఇంకో గీత ఉన్న చ" అని ఆమె, "గీతెందుకు, లేకున్న అర్థమైతలేదా" అని నేను, మస్తు లొల్లి. చీటీలోని అక్షరాల నుంచి నా పేరుకు వచ్చాం. ఆఫీసు రిజిస్టరులో వేలిముద్ర మానేసి మొదటిసారి సంతకం పెట్టిన రోజు గుమాస్తా, "ఏంది బాలమణమ్మా, వేలు అరిగిపోయిందా?" అన్నాడు. "నా వేలు మంచిగనే ఉంది సారూ, నీ సిరా డబ్బనే ఎండింది" అన్నాను. ఆ మాట రూతక్కకు చెబితే చుట్టడం ఆపి మరీ నవ్వింది.

ఇక నేను చేసిన పని చెప్పాలి. తప్పించుకోలేను.

ఆమె కళ్లకు పొర వచ్చింది. ఆపరేషనంటే భయపడి వాయిదా వేస్తూ వచ్చింది. అల్లికలో కుట్లు జారిపోతున్నాయని నాకు తెలుసు. ఆమెకు తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. ఒక సాయంత్రం గాజుల కొట్టు సేటు భార్య మనవడి స్వెట్టరు కోసం వచ్చింది. నా చేతుల మీద సగం చుట్టిన లచ్చ ఉంది. ఆమె స్వెట్టరు పరిచి చూసి, "ఇదేంది రూతమ్మా, ఒక చేయి పొడుగు, ఒక చేయి పొట్టి?" అని అడిగింది. రూతక్క స్వెట్టరును ముక్కు దాకా తెచ్చుకుని వెతుకుతోంది. నేను చూడలేకపోయాను. "ఇంకేం చేస్తది తల్లీ, ఆమెకు కండ్లు కనవడ్తలేవు. ఇగ ఆమెతోని గాదు. బజార్ల కొనుక్కో పో" అన్నాను. సేటు భార్య స్వెట్టరు మడిచింది. తను ఇచ్చిన ఊలులో మిగిలినది సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

రూతక్క ఉండను ఒళ్లో పెట్టుకుంది. "నా కండ్ల ముచ్చట నాకు చెప్తే అయిపోతుండె గద. ఆమెకెందుకు చెప్పినవ్?"

"అబద్ధం చెప్పిన్నా?"

"లేదు."

లేచి వచ్చింది. నా మణికట్ల మీద నుంచి లచ్చను ఒక్క పోగు కూడా జారకుండా తీసింది. తీసి కుర్చీ వీపుకు తగిలించింది. "పో ఇంటికి. రేపు రాకు" అంది. గొంతు పెంచలేదు.

మరునాడు నేను వెళ్లలేదు. ఆ మరునాడూ వెళ్లలేదు. నిజమే చెప్పాను కదా, ఆమే పిలవాలి అనుకున్నాను. నా కిటికీలోంచి ఆమె గది కనిపించేది. కుర్చీ వీపుకు లచ్చ తగిలించి, తను ఎదురుగా కూర్చుని చుట్టేది. కుర్చీ చేతులు ఊపదు. రెండు చుట్లకు ఒకసారి దారం పట్టేసుకునేది. ఆమె లేచి, కుర్చీ దగ్గరికి వెళ్లి, తడిమి, విడిపించి, మళ్లీ కూర్చునేది. ముప్ఫై అడుగుల దూరంలో నేను బియ్యం ఏరుతూ చూసేదాన్ని. ఒక్కోసారి కావాలని బిందె చప్పుడు చేసేదాన్ని. ఆమె తల తిప్పేది కాదు. ఐదు నెలల్లో మా మధ్య జరిగిన మాటలు రెండే. నల్లా దగ్గర ఎదురుపడితే, "నీళ్లొచ్చినయా?" అని ఆమె అడిగింది. "వచ్చినయ్" అన్నాను. ఇంకో మాట అంటే నా ఆస్తి ఏం పోయేది? బిందె ఎత్తుకుని వచ్చేశాను.

ఒక రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆమె తలుపుకు తాళం ఉంది. జ్వరం ఎక్కువైతే మేనకోడలు వచ్చి తీసుకుపోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. రేపు పోదాం, ఆదివారం పోదాం అనుకుంటూ ఉన్నాను. ఏ ముఖం పెట్టుకుని పోవాలో తేల్చుకోలేదు. ఆదివారం రాకముందే కబురు వచ్చింది.

నెల తర్వాత ఆ మేనకోడలు గది ఖాళీ చేయడానికి వచ్చి నా గడప ముందు ఒక గుడ్డ సంచి పెట్టింది. "అత్తమ్మ ఏం చెప్పలేదు. లోపల చీటీల మీ పేరుంది, గందుకే తెచ్చిన" అంది. సంచిలో ఉల్లిపొర రంగు ఊలు ముద్ద, పూర్తిగా చిక్కుపడి, కుర్చీ వీపు మీద నుంచి కుప్పగా జారింది జారినట్టే. దాని కింద అల్లడం అయిపోయిన ఒక చేయి. స్వెట్టరు కాదు, ఒక్క చేయి మాత్రమే. మూడు చోట్ల కుట్లు జారాయి. కళ్లు బాగున్న రోజుల్లో ఆమె అట్లా అల్లదు. అంటే నన్ను పొమ్మన్న తర్వాత అల్లిందన్నమాట. చీటీలో కందిగింజలంత అక్షరాలతో రాసి ఉంది: బాలమణి. చేయి, పంతొమ్మిది. పొడవు, ఇరవై మూడు. ఛాతీ దగ్గర అంకె లేదు. ఆమె నాకు ఎప్పుడూ టేపు పెట్టలేదు. పదకొండేళ్లు ఎదురుగా చాపి ఉన్న చేతులకు టేపు ఎందుకు?

నేను కత్తెరను అల్మారా పైన పెట్టి ఆ ముద్ద ముందు కూర్చున్నాను. ఆమె చెప్పినట్టే చేశాను. లాగలేదు. అరచేతుల్లో వదులు చేశాను, సందు చేశాను, దాటించాను. పదహారు రోజులు. ఇదొక్కటైనా ఆమె పద్ధతిలో పూర్తి చేయాలని పట్టుదల. పన్నెండో రోజున నా వేళ్లకు ఒక గట్టిది తగిలింది. చిక్కు అనుకున్నాను. వెలుతురులోకి తెచ్చి చూస్తే ముడి. దారాన్ని కోసి, రెండు కొసలూ కలిపి, కళ్లు కనిపించని మనిషి వేసిన వంకర ముడి. కత్తెర ముట్టని మనిషి ఆ రోజు కత్తెర పట్టింది. ఎంతసేపు విప్పి ఉంటుందో, ఎన్నిసార్లు కుర్చీ దాకా లేచి ఉంటుందో. అప్పుడు నేను కిటికీ ఇవతల ఉన్నాను.

ఆమె చనిపోయిందని విన్నప్పుడు నేను ఏడవలేదు. ఆ ముడి దగ్గర ఏడ్చాను.

మిగతాది విప్పి, మళ్లీ వలయంగా పరిచి, నాలుగు చోట్ల కట్లు కట్టాను. ముడిని అట్లాగే ఉంచాను. దాన్ని ఇప్పటిదాకా ఉండగా చుట్టలేదు. కుర్చీకి తగిలించి చుట్టుకోమని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. కుర్చీతో ఏమైందో నేను చూశాను. చుట్టినా లాభం లేదు. నాకు అల్లడం రాదు, పట్టుకోవడమే వచ్చు.

ఒక చేయి మాత్రం వేసుకుంటాను. చలి రోజుల్లో ఎడమ చేతికి తొడుక్కుని పైన శాలువా కప్పుకుంటాను. సరిగ్గా మణికట్టు ఎముక దగ్గర ఆగుతుంది, ఒక వేలు ఎక్కువ లేదు, తక్కువ లేదు. కుడి చేయి చల్లగానే ఉంటుంది. దానికి అలవాటైంది.

ఇంకొకటి కూడా నాతో ఉండిపోయింది. పక్కన ఎవరైనా చాలాసేపు మాట్లాడుతుంటే నాకు తెలియకుండానే రెండు చేతులూ కొంచెం పైకి లేచి అటూ ఇటూ ఊగుతాయి. మొన్న చాంద్రాయణగుట్ట బస్సులో ఒకామె తన కోడలి సంగతి చెబుతూ చెబుతూ ఆగిపోయి నా వైపు చూసింది. "ఏందమ్మా, చేతులకు వణుకుడు రోగమా?" అంది.

"కాదు బిడ్డా. లచ్చ పట్టుకున్న."

ఆమె నా ఖాళీ చేతుల వైపు చూసి, కాస్త జరిగి కూర్చుంది.